ఇనుప వలయంలో వేడి, ఫోన్‌లో వీడియో: జోసెఫ్ ఫూరియే జీవితం

జంషెడ్‌పూర్‌లోని సాక్చి ఒకప్పుడు సువర్ణరేఖ నదికి దగ్గరలో ఉన్న చిన్న పల్లె. 1908లో అక్కడ ఉక్కు కర్మాగారం పనులు మొదలయ్యాయి. 1912 ఫిబ్రవరిలో తొలి ఉక్కు దిమ్మె బయటికి వచ్చింది. 1919లో వైస్రాయ్ చెమ్స్‌ఫర్డ్ ఆ ఊరికి జంషెట్జీ టాటా పేరు పెట్టాక, సాక్చి అనేది నగరంలో ఒక పేట పేరుగా, ఒక పెద్ద బజారు పేరుగా మిగిలింది. ఉక్కు పనికి ఉత్తరాంధ్ర నుంచి వెళ్లి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఆ నగరంలో నేటికీ ఉన్నాయి. అక్కడ పెళ్లి జరిగితే వీడియో శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లోని బంధువుల ఫోన్లకు చేరాలి. చేరాలంటే ఫైలు చిన్నదవ్వాలి. చిన్నదైనా పెళ్లికూతురి ముఖం మసకబారకూడదు, పట్టుచీర అంచు చెదరకూడదు.

ఇది ఎంత కష్టమైన పనో లెక్క వేస్తేనే తెలుస్తుంది. ఫుల్ హెచ్‌డీ వీడియోలో ఒక్కో ఫ్రేమ్‌కు అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలు ఉంటాయి. అంటే మొత్తం 20,73,600 చుక్కలు. ఒక్కో చుక్క రంగును చెప్పడానికి 3 బైట్లు కావాలి. సెకనుకు 25 ఫ్రేమ్‌ల చొప్పున ఉన్నది ఉన్నట్టు దాచుకుంటే సెకనుకు సుమారు 155 ఎంబీ, నిమిషానికి 9.3 జీబీ అవుతుంది. 128 జీబీ ఫోన్ 14 నిమిషాలు తిరగకుండానే నిండిపోతుంది. అదే వీడియోను సెకనుకు 80 లక్షల బిట్ల చొప్పున కుదిస్తే నిమిషానికి 60 ఎంబీ చాలు. అసలులో 155వ వంతు మాత్రమే మిగిలినా, మామూలుగా చూసేవారికి తేడా తెలియదు.

మిగతా 154 వంతులు ఎక్కడికి పోయాయి? వాటిలో ఏది అనవసరమో ఎవరు తేల్చారు? ఈ ప్రశ్నలకు జవాబు వెతుకుతూ వెళ్తే 200 ఏళ్ల కిందటి ఫ్రాన్స్‌లో ఒక జిల్లా పాలనాధికారి దగ్గర ఆగాలి. ఆయన కెమెరా చూడలేదు, విద్యుత్ దీపం కూడా చూడలేదు. ఇనుములో వేడి ఎలా పాకుతుందో తెలుసుకోవాలనుకున్నారు. ఆయన పేరు జోసెఫ్ ఫూరియే. మన ఇంజనీరింగ్ విద్యార్థులు ఫోరియర్ సిరీస్ పేరుతో పరీక్షల కోసం బట్టీపట్టే గణితం ఆయనదే.

దర్జీ కొడుకు

ఫూరియే 1768 మార్చి 21న బర్గండీ ప్రాంతంలోని ఒసేర్ పట్టణంలో పుట్టారు. తండ్రి దర్జీ. మొదటి భార్య చనిపోయాక మళ్లీ పెళ్లి చేసుకున్నారు. ఆ రెండో భార్యకు పుట్టిన పన్నెండు మంది పిల్లల్లో జోసెఫ్ తొమ్మిదోవాడు. తొమ్మిదేళ్ల వయసులో తల్లి పోయింది. మరుసటి ఏడాది తండ్రి కూడా పోయాడు.

అనాథ పిల్లవాడిని ఊళ్లోని పెద్దలు చేరదీసి, బెనెడిక్టైన్ సన్యాసులు నడిపే సైనిక పాఠశాలలో చేర్పించారు. మొదట భాషల్లో, సాహిత్యంలో రాణించిన కుర్రవాడికి పదమూడేళ్లు వచ్చేసరికి లెక్కల పిచ్చి పట్టుకుంది. పద్నాలుగేళ్లకే బెజూ రాసిన ఆరు సంపుటాల గణిత పాఠాలు పూర్తి చేశాడు. రాత్రిళ్లు చదువుకోవడానికి కాలి మిగిలిన కొవ్వొత్తి ముక్కలు ఏరుకునేవాడని జీవితచరిత్రకారులు రాశారు.

ఆ చదువుతో ఫిరంగి దళంలో చేరాలనుకున్నాడు. ఆ రోజుల్లో అందులోకి ప్రభువర్గం వారికే ప్రవేశం. దర్జీ కొడుకు ఎంత ప్రతిభావంతుడైనా కులీనుడు కాడు కాబట్టి దరఖాస్తు తిరిగి వచ్చింది. చదువుకున్న పేదవాడికి మిగిలిన దారి మఠం. 1787లో సేంట్ బెన్వా మఠంలో చేరాడు. అక్కడ ఉంటూనే సమీకరణాల మీద పరిశోధన చేశాడు. దీక్ష పూర్తి కాకముందే 1789 వచ్చింది, విప్లవం వచ్చింది. ఫూరియే సన్యాసం తీసుకోకుండానే బయటికి వచ్చి, తాను చదివిన ఒసేర్ పాఠశాలలోనే 1790లో ఉపాధ్యాయుడిగా చేరారు.

జైలు నుంచి తరగతి గదికి

పుట్టుక చూసి తలుపు మూసే వ్యవస్థను కూల్చిన విప్లవం ఫూరియేకు సహజంగానే నచ్చింది. 1793లో స్థానిక విప్లవ కమిటీలో చేరారు. కానీ త్వరలోనే భీభత్స పాలన మొదలైంది. అనుమానం మీద మనుషులను గిలటిన్‌కు పంపే రోజులవి. కమిటీ నుంచి తప్పుకోవాలని చూసినా కుదరలేదు. పనిమీద ఓర్లేయాన్ వెళ్లినప్పుడు అక్కడి వర్గ తగాదాల్లో ఒక పక్షం తరఫున మాట్లాడారు. అదే ఆయన మెడకు చుట్టుకుంది. 1794 జులైలో అరెస్టు చేశారు. గిలటిన్ తప్పదనే అనుకున్నారు. అదే నెల 28న రోబెస్పియర్ తలే తెగిపడింది. రాజకీయం తిరగబడి ఫూరియే విడుదలయ్యారు.

మరుసటి ఏడాది పారిస్‌లో ఉపాధ్యాయుల శిక్షణ కోసం కొత్తగా తెరిచిన ఎకోల్ నోర్మాల్‌కు ఆయనను ఎంపిక చేశారు. అక్కడ పాఠాలు చెప్పినవారు లగ్రాంజ్, లప్లాస్, మోంజ్. ఆ కాలపు గణితానికి ముగ్గురూ మూలస్తంభాలు. శిష్యుడి ప్రతిభ గురువులకు తెలిసింది. వెంటనే ఎకోల్ పాలిటెక్నిక్‌లో ఉద్యోగం దొరికింది. 1797లో లగ్రాంజ్ ఖాళీ చేసిన ఆచార్య పీఠం ఫూరియేకు దక్కింది. తన వారసుడి పరిశోధనకు పదేళ్ల తర్వాత లగ్రాంజే అడ్డుపడతారని అప్పట్లో ఎవరూ ఊహించి ఉండరు.

1798లో నెపోలియన్ ఈజిప్టు దండయాత్రకు బయలుదేరుతూ సైనికులతో పాటు పండితులను కూడా వెంట తీసుకెళ్లాడు. వారిలో ఫూరియే ఒకరు. కైరోలో పెట్టిన విజ్ఞాన సంస్థకు ఆయన కార్యదర్శి అయ్యారు. పురావస్తు యాత్రలు నడిపారు, పరిపాలన పనులు చూశారు. దండయాత్ర విఫలమైంది. నెపోలియన్ మధ్యలోనే ఫ్రాన్స్ వెళ్లిపోయాడు. పండితులు మాత్రం చివరిదాకా అక్కడే ఉండి 1801లో తిరిగొచ్చారు. ఆ యాత్రలో సేకరించిన విశేషాలతో వచ్చిన ఈజిప్టు వర్ణన అనే మహాగ్రంథానికి చారిత్రక పీఠిక రాసింది ఫూరియే.

ఎండ దేశంలో గడిపిన ఆ మూడేళ్లు ఆయన శరీరం మీద కూడా ముద్ర వేశాయంటారు. తర్వాత జీవితమంతా చలికి భయపడుతూ, గదిని వేడిగా ఉంచుకుని, బట్టల మీద బట్టలు వేసుకుని గడిపారు.

కలెక్టరు గారి ఇనుప వలయం

తిరిగొచ్చాక పారిస్‌లో పాఠాలు చెప్పుకుంటూ బతకాలని ఆయన కోరిక. నెపోలియన్ మరోలా తలచాడు. 1802లో గ్రెనోబుల్ కేంద్రంగా ఉన్న ఈజేర్ ప్రాంతానికి ప్రీఫెక్ట్‌గా పంపాడు. ప్రీఫెక్ట్ అంటే మన జిల్లా కలెక్టరు వంటి అధికారి. ఇష్టం లేకపోయినా ఆ ఉద్యోగాన్ని ఫూరియే పదమూడేళ్లు చేశారు, బాగా చేశారు. బూర్గ్వాన్ దగ్గర తరతరాలుగా జ్వరాలకు నిలయమైన చిత్తడి నేలలను ఎండగట్టించారు. ఆ నేలల మీద పదుల గ్రామాలకు హక్కులున్నాయి. ఒక్కో ఊరితో మాట్లాడి, ఒప్పించి పని నడిపించారు. ఆల్ప్స్ పర్వతాల మీదుగా టూరిన్ వైపు రోడ్డు వేయించారు. గ్రెనోబుల్‌లో చదువుకుంటున్న చాంపోలియన్ అనే కుర్రవాడిని, అతని అన్నను చేరదీశారు. ఆ కుర్రవాడే 1822లో ఈజిప్టు చిత్రలిపి గుట్టు విప్పాడు.

ఫైళ్ల మధ్య దొరికిన ఖాళీ సమయంలో ఫూరియే పట్టుకున్న సమస్య వేడి. వేడి అంటే ఏమిటన్న దాని మీద అప్పట్లో పెద్ద వాదాలు నడుస్తున్నాయి. ఆయన ఆ వాదాల జోలికి పోలేదు. వేడి ఏదైనా కానివ్వండి, అది ఒక చోటి నుంచి మరో చోటికి ఎంత వేగంగా పాకుతుందో లెక్క కట్టగలమా అన్నదే ఆయన ప్రశ్న.

అందుకోసం ఒక ఇనుప వలయం తీసుకున్నారు. దానికి రంధ్రాలు వేయించి, వాటిలో పాదరసం నింపి, థర్మామీటర్లు నిలబెట్టారు. వలయంలో ఒక భాగాన్ని కొలిమిలో ఎర్రగా కాల్చి, బయటికి తీసి ఇసుకలో ఉంచి, ఎక్కడ ఎంత వేడి ఉందో నిమిషాల వారీగా రాసుకున్నారు. మొదట వలయం ఒక పక్క మండుతూ, మరో పక్క చల్లగా ఉంటుంది. ఆ రెంటి మధ్య తేడా గోడలా నిలువుగా ఉంటుంది. కాసేపటికే ఆ గోడ కరిగి వాలుగా మారుతుంది. ఇంకాసేపటికి వలయం చుట్టూ వేడి ఒకే ఒక నునుపైన అలలా పరుచుకుంటుంది. చివరికి ఆ అల కూడా అణగిపోయి అంతా ఒకే వేడికి వస్తుంది.

ఈ క్రమాన్ని వివరించడానికి ఫూరియే వేసిన ఎత్తు అసాధారణమైనది. వలయంలో మొదట ఉన్న వేడి ఆకారం ఎంత గజిబిజిగా ఉన్నా సరే, దాన్ని నునుపైన అలల మొత్తంగా విడగొట్టవచ్చు అన్నారు. ఒక అల వలయం చుట్టూ ఒకసారి లేచి పడుతుంది. రెండోది రెండుసార్లు, మూడోది మూడుసార్లు. ఇలా ఎన్ని అలలైనా ఉండవచ్చు. ఏ అల ఎంత మోతాదులో కలిసిందో కనిపెట్టే సూత్రాన్ని కూడా ఇచ్చారు. తీసుకున్న కూర రుచిని బట్టి ఉప్పెంత, కారమెంత, పులుపెంత అని విడివిడిగా తూచి చెప్పడం లాంటిది ఇది.

ఇలా విడగొట్టాక వేడి లెక్క తేలికైపోయింది. ప్రతి అలా మిగతావాటితో పని లేకుండా తన దారిన తాను చల్లారుతుంది. అయితే అన్నీ ఒకే వేగంతో చల్లారవు. వలయం చుట్టూ రెండుసార్లు లేచిపడే అల, ఒకసారి లేచిపడే అల కన్నా నాలుగు రెట్లు వేగంగా అణగిపోతుంది. పదిసార్లు లేచిపడేది వంద రెట్లు వేగంగా మాయమవుతుంది. అంటే వేడి ముందుగా చెరిపేసేది సన్నటి తేడాలను. పెద్ద పెద్ద అలలు మాత్రం చాలాసేపు మిగులుతాయి.

ఈ సంగతి సాక్చి కొలిములకు నేరుగా పనికొచ్చేదే. అచ్చులోంచి తీసిన ఉక్కు దిమ్మె పైకి గట్టిపడి, లోపల ఇంకా మెత్తగా, చాలా వేడిగా ఉంటుంది. దాన్ని అలాగే రోలింగ్ మిల్లుకు పంపకూడదు. సోకింగ్ పిట్ అనే కొలిమి గుంటలో ఉంచి, లోపలా బయటా వేడి సమానమయ్యాకే సాగదీయాలి. ఎంతసేపు ఉంచాలి, మందం రెట్టింపైతే సమయం ఎన్ని రెట్లు పెరుగుతుంది వంటి ప్రశ్నలకు ఇంజనీర్లు జవాబు వెతికేది ఫూరియే సమీకరణంలోనే.

గురువుగారి అభ్యంతరం

1807 డిసెంబరు 21న ఫూరియే తన పరిశోధనను పారిస్‌లోని విద్వత్ పరిషత్తుకు సమర్పించారు. పరిశీలనకు నియమించిన నలుగురు లగ్రాంజ్, లప్లాస్, మోంజ్, లక్రువా. వీరిలో లగ్రాంజ్ గట్టిగా అడ్డం తిరిగారు.

ఆ అభ్యంతరం వెనుక యాభై ఏళ్ల చరిత్ర ఉంది. వీణ తీగ లాంటి తీగ కదలికను అలల మొత్తంగా చెప్పవచ్చని 1753లో డేనియల్ బెర్నూలీ ప్రతిపాదించినప్పుడు ఆయిలర్, దలంబేర్ ఒప్పుకోలేదు. యువకుడిగా ఉన్న లగ్రాంజ్ కూడా ఆ చర్చలో పాల్గొన్నవారే. నునుపైన అలలను ఎన్ని కలిపితే మాత్రం పదునైన మూల వస్తుందా? ఒక్కసారిగా తెగిపడే గీత వస్తుందా? ఫూరియే వస్తుందంటున్నారు, లెక్క వేసి చూపిస్తున్నారు. కానీ ఎందుకు వస్తుందో లోపం లేని రుజువు ఇవ్వలేకపోతున్నారు. ఆ వ్యాసం అచ్చుకు నోచుకోలేదు.

ఫూరియే వదల్లేదు. అధికారిగా పనిచేస్తూనే వివరణలు పంపుతూ వచ్చారు. చివరికి పరిషత్తు వేడి ప్రసారం మీదే పోటీ ప్రకటించింది. 1811లో ఫూరియే తన వ్యాసాన్ని విస్తరించి పంపి బహుమతి గెలుచుకున్నారు. అయితే బహుమతి ఇస్తూనే, పద్ధతి సర్వత్రా వర్తిస్తుందని తేలలేదని, తర్కంలో బిగువు చాలదని నిర్ణేతలు మెలిక పెట్టారు. మళ్లీ అచ్చు వేయలేదు. ఫూరియేకు ఆ మాట చివరిదాకా గుచ్చుకుంటూనే ఉంది.

ఈలోగా రాజకీయం మళ్లీ తలకిందులైంది. 1815 మార్చిలో ఎల్బా ద్వీపం నుంచి తప్పించుకున్న నెపోలియన్ గ్రెనోబుల్ మీదుగానే పారిస్‌కు బయలుదేరాడు. అప్పటికి రాజు కొలువులో ఉన్న ఫూరియే ఊరు విడిచి వెళ్లారు. అయినా నెపోలియన్ ఆయనను పిలిచి రోన్ ప్రాంతానికి ప్రీఫెక్ట్‌ను చేశాడు. అక్కడి పై ఆదేశాలు నచ్చక ఫూరియే త్వరలోనే రాజీనామా ఇచ్చారు. వాటర్లూ తర్వాత ఆయన రెండు పక్షాలకూ కానివాడయ్యారు. నలభై ఏడేళ్ల వయసులో ఉద్యోగం లేదు, పింఛను లేదు. సేన్ ప్రాంత ప్రీఫెక్ట్‌గా ఉన్న పాత శిష్యుడు షాబ్రోల్ గణాంక కార్యాలయంలో పని ఇప్పించి ఆదుకున్నాడు.

1817లో విజ్ఞాన పరిషత్తుకు సభ్యుడయ్యారు. 1822లో దాని శాశ్వత కార్యదర్శి అయ్యారు. అదే ఏడాది వేడి మీద ఆయన గ్రంథం వెలువడింది. తొలి వ్యాసం సమర్పించి అప్పటికి పదిహేనేళ్లు. కార్యదర్శి హోదాలో, 1811 నాటి బహుమతి వ్యాసాన్ని కూడా ఏ మార్పూ లేకుండా పరిషత్తు సంపుటాల్లో అచ్చు వేయించారు. ఆ పదవిలో ఉండగానే సోఫీ జర్మేన్ అనే గణితవేత్తకు పరిషత్తు సమావేశాల్లో కూర్చునే అనుమతి ఇప్పించారు. మహిళలకు అప్పట్లో అది దొరకని వస్తువు. 1824లో భూమి ఉష్ణోగ్రత మీద రాస్తూ, సూర్యకాంతిని లోపలికి రానిచ్చే వాతావరణం నేల నుంచి బయటికి పోయే వేడిని మాత్రం అడ్డుకుంటుందని వివరించారు. నేటి వాతావరణ మార్పు చర్చలకు అది తొలి మెట్టు.

1830 మే 16న పారిస్‌లో ఫూరియే కన్నుమూశారు. పెళ్లి చేసుకోలేదు. ఆయన మరణం మరొకరి కథను కూడా మలుపు తిప్పింది. ఎవరిస్త్ గాల్వా అనే పద్దెనిమిదేళ్ల కుర్రవాడు పరిషత్తు పోటీకి పంపిన వ్యాసం కార్యదర్శిగా ఫూరియే ఇంట్లో ఉండిపోయింది. ఆయన పోయాక వెతికితే అది దొరకలేదు. తన వ్యాసం అచ్చు కోసం పదిహేనేళ్లు ఎదురుచూసిన మనిషి చేతిలో మరో మేధావి వ్యాసం మాయమవడం ఆ జీవితంలో మిగిలిన చేదు.

అలల నుంచి చుక్కలకు

ఫూరియే ఇవ్వలేకపోయిన రుజువును 1829లో దిరిష్లే చాలావరకు పూర్తి చేశాడు. ఆ తర్వాత అలలుగా విడగొట్టే పద్ధతి వేడిని దాటి పాకింది. ధ్వనికి, సముద్రపు ఆటుపోట్లకు, తంతి తీగలకు, రేడియోకు అదే సాధనమైంది. కంప్యూటర్లు వచ్చాక ఒక చిక్కు వచ్చింది. వెయ్యి అంకెలను అలలుగా విడగొట్టాలంటే సుమారు పది లక్షల గుణకారాలు కావాలి. 1965లో కూలీ, టూకీ అనే ఇద్దరు అమెరికన్లు ప్రచురించిన పద్ధతి దాన్ని పదివేల స్థాయికి తగ్గించింది. ఫూరియే గణితం అప్పుడు యంత్రాలకు నిత్యకృత్యమైంది.

బొమ్మలను కుదించే మలుపులో మన దేశం వారి పేర్లు కనిపిస్తాయి. బెంగళూరులో పుట్టి అమెరికాలోని కాన్సాస్ స్టేట్ యూనివర్సిటీలో బోధిస్తున్న నాసిర్ అహ్మద్, బొమ్మను కొసైన్ అలలుగా విడగొట్టే పద్ధతి మీద పనిచేస్తానని 1972లో అక్కడి నేషనల్ సైన్స్ ఫౌండేషన్‌ను నిధులు అడిగారు. వాళ్లు ఇవ్వలేదు. అయినా శిష్యుడు టి.నటరాజన్‌తో, టెక్సస్‌లో ఆచార్యుడిగా ఉన్న కె.ఆర్.రావుతో కలిసి ఆయన ఆ పని పూర్తి చేశారు. 1974 జనవరిలో వారి వ్యాసం వెలువడింది. ఆ మూడో పేరు పూర్తిగా కామిశెట్టి రామమోహనరావు. తెలుగు ఇంటిపేరున్న ఈ ఆచార్యుడు 1952లో మద్రాసు గిండీ కాలేజీలో ఇంజనీరింగ్ పూర్తి చేసి అమెరికా వెళ్లారు. దశాబ్దాల పాటు ఈ విషయం మీదే పుస్తకాలు రాస్తూ, పాఠాలు చెబుతూ 2021లో మరణించారు.

కొసైన్లనే ఎంచుకోవడానికి కారణం ఉంది. బొమ్మలో ఒక చిన్న ముక్క తీసుకుంటే దాని ఎడమ అంచు, కుడి అంచు ఒకేలా ఉండవు. మామూలు ఫూరియే పద్ధతి ఆ రెండు అంచులనూ కలిపి వలయంలా చూస్తుంది కాబట్టి అక్కడ లేని గోడ ఒకటి పుడుతుంది. కొసైన్ పద్ధతి ముక్కను అద్దంలో ప్రతిబింబంలా మడిచి చూస్తుంది. గోడ పుట్టదు, తక్కువ అలలతో పని తీరుతుంది. ఫూరియే తన గ్రంథంలో మొట్టమొదటి ఉదాహరణగా విడగొట్టింది కూడా కొసైన్లలోనే కావడం విశేషం.

ఫోన్‌లో వీడియో కుదించినప్పుడు జరిగేది ఇదే. ముందుగా, పక్కపక్క ఫ్రేమ్‌లలో మారని భాగాన్ని మళ్లీ రాయకుండా, పాత ఫ్రేమ్‌లో ఏ భాగం ఎటు జరిగిందో మాత్రమే రాసుకుంటుంది. పెళ్లిపందిరి వెనుక తెర గంటసేపు కదలకపోతే దాన్ని ఊరికే మోయాల్సిన పని లేదు. రంగుల వివరాలను తగ్గిస్తుంది, ఎందుకంటే కన్ను వెలుగునీడల్లోని తేడాను పట్టినంత బాగా రంగులోని తేడాను పట్టదు. తర్వాత మిగిలినదాన్ని చిన్న చిన్న గళ్లుగా కోస్తుంది. పాత పద్ధతుల్లో గడి 8 చుక్కల పొడవు, 8 చుక్కల వెడల్పు. 2013లో వచ్చిన హెచ్.265లో అది 32 చుక్కల దాకా పెరిగింది. ప్రతి గడినీ అలలుగా విడగొడుతుంది. 64 చుక్కల గడిలో 64 అలలు వస్తాయి. కానీ బుగ్గ, గోడ, ఆకాశం లాంటి చోట్ల నాలుగైదు పెద్ద అలలే బరువుగా ఉంటాయి. మిగతావి సున్నాకు దగ్గరగా ఉంటాయి. వాటిని సున్నా చేసేస్తే రాయాల్సింది ఏమీ మిగలదు.

ముందుగా పోయేది సన్నటి అలలు. ఇనుప వలయంలో వేడి చేసిన పనినే ఇక్కడ కంప్యూటర్ లెక్కగట్టి చేస్తోంది. వేడి అన్నిటినీ గుడ్డిగా చెరిపేస్తుంది. కుదించే ప్రోగ్రామ్ మాత్రం కన్ను పట్టలేనివి ఏవో చూసుకుని, ఎంత చెరపాలో ఒక కొలత ప్రకారం చెరుపుతుంది.

తెరమీద మిగిలిన వాదం

మరి లగ్రాంజ్ అనుమానం ఏమైంది? నునుపైన అలలతో పదునైన అంచును కట్టడం నిజంగానే కష్టం. అలలు అనంతంగా ఉంటే ఫూరియే చెప్పింది నిజమే. కొన్నే ఉంటే మాత్రం అంచు దగ్గర గీత పొంగుతుంది. ఆ పొంగు అంచు ఎత్తులో సుమారు 9 శాతం ఉంటుంది. అలలు పెంచితే సన్నబడుతుంది కానీ, దాని ఎత్తు తగ్గదు. 1848లో విల్‌బ్రహామ్, 1899లో గిబ్స్ దీన్ని వివరించారు. లగ్రాంజ్ ఈ లెక్క వేయలేదు. కానీ ఆయన వేలు పెట్టిన చోటు ఇదే.

బాగా కుదించిన వీడియోలో ఇది కంటికే కనిపిస్తుంది. పెళ్లి వీడియో మొదట్లో వధూవరుల పేర్లు వేసినప్పుడు అక్షరాల చుట్టూ దోమలు ముసిరినట్టు మచ్చలు కదులుతాయి. జరీ అంచు, తలంబ్రాలు, ముగ్గు గీతలు మసకబారేదీ అందుకే. అవన్నీ పదునైన అంచులు, సన్నటి అలల మీద ఆధారపడేవి. అలలను మరీ ఎక్కువగా చెరిపేస్తే గళ్లే బయటపడతాయి.

కాబట్టి నాణ్యత పోకుండా కుదించడమంటే సన్నటి అలలను ఎక్కడిదాకా వదులుకోవచ్చో సరిగ్గా ఎంచుకోవడమే. ఫైలు సైజును ముందే బిగించేస్తే, కదలిక లేని చోట బిట్లు వృథా అవుతాయి, తలంబ్రాల దగ్గర చాలవు. దానికి బదులు నాణ్యతను స్థిరంగా ఉంచి, సైజును దాని దారిన వదలడం మేలు. హ్యాండ్‌బ్రేక్ లాంటి ఉచిత ప్రోగ్రామ్‌లలో స్థిర నాణ్యత పేరుతో ఉండే మీట ఇదే. అందులో అంకె తగ్గేకొద్దీ బొమ్మ మెరుగవుతుంది, ఫైలు పెరుగుతుంది. కొత్త కోడెక్‌ను, నెమ్మదైన పద్ధతిని ఎంచుకుంటే కంప్యూటర్‌కు శ్రమ పెరుగుతుంది కానీ, అదే నాణ్యత తక్కువ చోటులో ఇముడుతుంది. హెచ్.264తో పోలిస్తే హెచ్.265 దాదాపు సగం బిట్లతోనే అంత నాణ్యత ఇవ్వాలన్న లక్ష్యంతో తయారైంది.

ఇంకో జాగ్రత్తను ఫూరియే సమీకరణమే చెబుతుంది. వేడి ఎలా చల్లారుతుందో అది ముందుకు లెక్కగట్టి చెప్పగలదు. చల్లారిన ఇనుమును చూసి, మొదట ఏ మూల ఎంత ఎర్రగా ఉందో వెనక్కి వెళ్లి చెప్పమంటే కుదరదు. సన్నటి అలలు ఒకసారి పోతే వాటి జాడ ఉండదు. వీడియో కూడా అంతే. కుదించినదాన్నే మళ్లీ కుదిస్తే ప్రతిసారీ కొంత పోతుంది. తర్వాత ఏ ప్రోగ్రామ్‌తో సైజు పెంచినా పోయిన చీర అంచు తిరిగి రాదు. కెమెరా ఇచ్చిన అసలు ఫైలును హార్డ్ డిస్క్‌లో విడిగా దాచి, పంపాల్సిన ప్రతిసారీ దాని నుంచే కొత్తగా కుదించుకోవాలి. సాక్చి నుంచి శ్రీకాకుళం వెళ్లే వీడియో చిన్నదైనా పర్వాలేదు, పెద్దది ఇంట్లో ఉన్నంతవరకు.